బాగుపడ్డావే

ఉడికిన గోధుమల వాసన.

మెట్ల దగ్గరే ముక్కుకి తగిలింది. అక్రోటు, పంచదార, కరిగే కొవ్వొత్తి మైనం... డిసెంబరు చలిలోకి తలుపు సందుల్లోంచి వెచ్చగా వస్తోంది.

నెవెనా మూడో మెట్టు మీదే ఆగిపోయింది.

లోపల నాయనమ్మ ఇంట్లో పండగ. ఇంటిని కాచే పునీత నికోలా పండగ. సెర్బియాలో ఈ పండక్కి ఎవరినీ పిలవరు. పిలవకపోయినా రావాలి. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఒక చెంచా గోధుమలు నోట్లో వేసుకోవాలి, పోయినవాళ్ళని తలుచుకుని. ఆ తర్వాతే కోటు విప్పడం, కూర్చోవడం, తినడం.

తినడం...

తిండి మానేసే జబ్బుతో చేరిన హాస్పిటల్ నుంచి వచ్చి ఏడు నెలలు. రోజూ తింటోంది. తలుపేసుకుని, గోడవైపు తిరిగి, మందు మింగినట్టు. అలాగైనా తింటోంది. కానీ నలుగురిలో కూర్చుని కడుపునిండా తిని ఏళ్ళైంది.

ఇవాళ ఒక్క పళ్ళెం. అందరితో పాటు. చివరిదాకా.

ఇంతే కోరిక. పైకి అంటే నవ్వుతారు — ఇదీ ఒక కోరికేనా అని!

తలుపు తీసింది బాబాయి రాదోయె.

"ఓహో! ఎవరమ్మా ఇది! బాగుపడ్డావే పిల్లా!"

అయ్యో రాదోయె, ఆ ఒక్క మాటే దొరికిందా నీకు!

ఆ ఊళ్ళో జబ్బు తగ్గినా బాగుపడ్డావంటారు. ఒళ్ళు వచ్చినా బాగుపడ్డావంటారు. రెంటికీ ఒకటే మాట. ఆయన ఏది అన్నాడో ఏమో — నెవెనా మాత్రం రెండోదే వింది.

సిగ్గు. చెవుల్లోంచి మెడలోకి, మెడలోంచి పొట్టలోకి. స్కర్టు నడుం దగ్గర బిగిసింది. బుగ్గలు తనవి కావనిపించాయి, ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టు... వెనక్కి వెళ్ళిపోదామా? బస్సు ఇంకా చౌరస్తాలోనే ఉండి ఉంటుంది.

ఈలోగా నాయనమ్మ దెసాంకా వచ్చేసింది. చేతిలో పళ్ళెం. గోధుమల కుప్ప, దాని మీద అక్రోటు పలుకులతో శిలువ. ఒక గ్లాసులో శుభ్రమైన చెంచాలు. ఇంకో గ్లాసులో నీళ్ళు, ఎంగిలి చెంచాలు వెయ్యడానికి.

చెయ్యి లేవలేదు.

నిరుడు కూడా ఇదే గుమ్మం. ఆ చెంచాడు నోట్లో వేసుకుంది. నమల్లేదు. బాత్‌రూమ్‌లోకి పోయి కాగితంలో ఉమ్మేసింది. పోయిన తాతయ్య పేరు మీద ఉడికించిన గోధుమలు! భుజాల మీద ఎక్కించుకుని ఏటికి తీసుకెళ్ళిన తాతయ్య. ఆయన్నే చెత్తబుట్టలో పడేసినట్టు... ఏడాదంతా అదే సిగ్గు. డాక్టరుకి అన్నీ చెప్పింది. ఇదొక్కటి చెప్పలేకపోయింది.

"నాయనమ్మా... నిరుడు నేను..."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"బుట్ట ఖాళీ చేసేది నేనే కదటే. ఆ గింజలు ఏరి పిచ్చుకలకి వేశాను. మీ తాతయ్యకి పిచ్చుకలంటే ప్రాణం, ఏమీ అనుకోడులే. ఒరే రాదోయె, తలుపు ముయ్యరా, చలి!"

అంతే అంది.

తిట్టినా బాగుండేది. ఏడాదిపాటు తెలిసి, ఎవ్వరికీ చెప్పకుండా, ఫోన్ చేసినప్పుడల్లా "స్వెట్టర్ వేసుకున్నావా" అని మాత్రమే అడిగిన మనిషి! నెవెనాకి ఆ గుమ్మంలోనే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

చెంచా తీసుకుంది. శిలువ గుర్తు వేసుకుంది. నోట్లో పెట్టుకుంది.

నమిలింది.

తియ్యగా ఉంది... ఇంత తియ్యగా ఉంటుందని మర్చేపోయింది. మింగేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దించిన తల ఎత్తకుండా చెంచా నీళ్ళలో వేసింది. టంగుమంది. అందరూ తననే చూశారనుకుంది. ఎవరూ చూడలేదు.

బల్ల చుట్టూ పధ్నాలుగు మంది. ఉపవాస దినాలు కాబట్టి మాంసం ముట్టరు, చేపకి దోషం లేదు — చేప, కాల్చిన మిరపకాయలు, మట్టిపాత్రలో మగ్గిన చిక్కుడు గింజలు. ఆ చేపని తనే పట్టానని బాబాయి డప్పు కొట్టుకుంటున్నాడు. ఎవరూ నమ్మడం లేదు.

ఆ ఇంట్లో వడ్డించేటప్పుడు ఎంత కావాలని అడగరు. వద్దంటే ఇంకో గరిటె పడుతుంది. అదే మర్యాద.

నాయనమ్మ గరిటె పట్టుకుని నెవెనా పక్కన ఆగింది. వంగింది. చెవిలో, ఎవరికీ వినపడకుండా...

"చాలు అన్నప్పుడు ఆపుతాను. నువ్వే చెప్పాలి."

మొదటి గరిటె పడింది. ఆవిరి మొహానికి కొట్టింది.

స్కర్టు బిగిసే ఉంది. బుగ్గలు మండుతూనే ఉన్నాయి. సిగ్గు ఎక్కడికీ పోలేదు.

నాయనమ్మ ఎదురుచూస్తోంది.

చాలు — ఎంత చిన్న మాట! ఇన్నేళ్ళూ అందరికంటే ముందు తన నోట్లోంచే వచ్చిన మాట. ఇప్పుడూ వచ్చేసింది, నాలుక చివరిదాకా...

పెదాలు బిగపట్టుకుంది.

రెండో గరిటె పడింది.