ఒక పక్క లావు రొట్టె

జ్ఞానరత్నం చేసే రొట్టె ఒక పక్క లావు, ఒక పక్క పల్చన. ముప్పై నాలుగేళ్లుగా నెలకొకటి చేస్తున్నా అది మారలేదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని చిన్న క్రైస్తవ మందిరంలో, ప్రభు భోజనానికి సంఘపెద్ద ఆ రొట్టెను విరిచి పళ్లెంలో పెడితే, ఎనభై మంది తలా ఒక తునక తీసుకుంటారు. లావు పక్క తునక వచ్చినవాళ్లు ప్రార్థన అయ్యేదాకా నములుతూనే ఉంటారు. "రత్నమ్మగారి రొట్టెకి ఎడం పక్క ఆశీర్వాదం ఎక్కువ" అని ఎగతాళి చేస్తారు. ఆవిడా నవ్వుతుంది. ఆ పని ఇంకెవరికైనా అప్పగిద్దామని మాత్రం ఎవరూ అనలేదు. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు ఒకళ్లకి ఒక పని అప్పజెప్పారంటే, ఆ మనిషి మంచాన పడేదాకా అది ఆ మనిషిదే.

రొట్టె విరిచే ముందు సంఘపెద్ద ప్రతిసారీ ఒక మాట చెబుతాడు. ఎవరితోనైనా మాట పట్టింపు ఉన్నవాళ్లు ఈ రొట్టె ముట్టకూడదు, ముందు సమాధానపడి రావాలి అని. అందుకని ముందురోజు శనివారం పెద్దలు తగాదా ఉన్న ఇళ్లకి వెళ్లి కూర్చుంటారు. ఇద్దరి చేతా మాట్లాడిస్తారు, ఇద్దరి చేతులూ కలిపిస్తారు, ప్రార్థన చేస్తారు, టీ తాగి లేస్తారు. మంచి ఆచారమే, కుళాయి దగ్గర తగాదాలకైతే.

ఈ శనివారం పెద్దలు రాబోయేది జ్ఞానరత్నం ఇంటికే. ఝపటాపూర్‌లో రెండు గదుల ఇల్లు ఆవిడది. భర్త జాకబ్ పోయాక రైల్వే వాళ్లిచ్చిన ఉద్యోగంలో ఇరవై ఏళ్లు ఆఫీసు ఫైళ్లు మోసి రిటైరైంది. ఇప్పుడు అరవై ఏడు. మూడు నెలలుగా ఆ ఇంట్లో, అదే సంఘానికి చెందిన ఆలిస్ కూడా ఉంటోంది. ఆలిస్‌కి ముప్పై ఒకటి. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో భర్త రాజ్ కిరణ్ క్వార్టరు వదిలి, ఒక సంచీ, చదువుకున్న సర్టిఫికెట్లు పట్టుకుని ఒక పొద్దున్న ఈ గుమ్మం ముందు నిలబడింది. పలాసలో ఉన్న అన్నయ్య ఫోన్‌లోనే మొగుడి దగ్గరికి తిరిగి వెళ్లమన్నాడు. ఒంటరి ఆడదానికి గది అద్దెకిచ్చేవాళ్లు దొరకలేదు. ఈ ఇల్లు కాదంటే మళ్లీ ఆ క్వార్టరే.

గోల్‌బజారులో ఒక మందుల దుకాణంలో కౌంటరు దగ్గర పని దొరికింది ఆలిస్‌కి. డాక్టర్ల గిలుకుడు రాత చదవడం నేర్చుకుంది. ఎడమ చెవి వినబడదు కాబట్టి, ఎవరైనా మాట్లాడితే తల కొంచెం తిప్పి కుడి చెవి వాళ్లకి అప్పగిస్తుంది. చీటీ లేకుండా నిద్రమాత్రలు అడిగేవాళ్లకి ఒకటే జవాబు, "హొబే నా, దాదా." బెంగాలీలో, కుదరదు అన్నా అని. ఆ ముక్క అనడానికి మొదటి వారం గొంతు పెగల్లేదట. ఇప్పుడు తలెత్తకుండానే అనేస్తోంది.

గురువారం పొద్దున్న సంఘపెద్ద ప్రేమ్‌కుమార్ ఫోన్ చేశాడు. గార్డుగా చేసి రిటైరైన పెద్దమనిషి, ఎవరింట్లో కష్టమున్నా ముందు వచ్చేవాడు. చెడ్డవాడంటే కళ్లు పోతాయి.

"చెల్లెమ్మా, రాజ్ కిరణ్ బాగా మెత్తబడ్డాడు. మా ఇంటికొచ్చి ఏడ్సినాడు. శనివారం నాలుగ్గంటలకి తీసుకొస్తాను. నువ్వు ఆలిస్‌కి నాలుగు మంచిమాటలు సెప్పి ఉంచు. ఆదివారం ఇద్దరూ కలిసొచ్చి రొట్టె తీసుకుంటే సంఘానికే అందం."

"అలాగే అన్నయ్యగారూ" అంది జ్ఞానరత్నం. ఫోన్ పెట్టేశాక తన నోటి మీద తనకే ఒళ్లుమండింది. ఈ నోరు ఎన్నాళ్లు "అలాగే" అంటుంది?

పొయ్యి దగ్గర ఆలిస్ కుడి చెవి ఇటు తిప్పింది. "ఎవరు పెద్దమ్మా?"

"శనివారం వస్తారట. ప్రేమ్‌కుమార్ అన్నయ్య, మీ ఆయన."

ఆలిస్ గరిటె కింద పెట్టింది. "నన్ను పంపేస్తావేటి?"

"నీ ఇష్టం నేకుండా ఎవలు పంపుతారే?"

"రెండేళ్ల కితం కూడా అలాగే అన్నారు. నాకు వద్దనడం రాదు పెద్దమ్మా. ఆయన ఏడిస్తే నా నోరు పడిపోద్ది. నువ్వు నా పక్కనుంటావా, నేదా? అదొక్కటి సెప్పు."

జ్ఞానరత్నం పొయ్యి మంట తగ్గించింది. ఉంటానని చెప్పడానికి సిగ్గేసింది. ఎందుకంటే రెండేళ్ల కిందట స్త్రీల సమాజం ప్రెసిడెంటుగా, ఇదే ఇంట్లో, ఇదే ముందుగదిలో, ఆలిస్ చెయ్యి తీసి రాజ్ కిరణ్ చేతిలో పెట్టింది తనే. ఎనిమిది నెలలకి ఆ చెవి పోయింది.

ఒకప్పుడు జ్ఞానరత్నం, జాకబ్‌ల చేతుల్ని కూడా పెద్దలు కలిపారు, నాలుగుసార్లు. నాలుగోసారి కలిపింది ప్రేమ్‌కుమారే, అప్పుడాయన కొత్తగా పెద్ద అయిన కుర్రాడు. ప్రార్థన జరుగుతుండగా జాకబ్ తన చెయ్యి పట్టుకున్న పట్టులోనే ఆవిడకి తెలిసిపోయింది, ఇంటికెళ్లాక ఏం జరగబోతుందో. గదిలో అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. ఆ చేతుల్ని ఎవరూ చూడలేదు.

శనివారం మధ్యాహ్నం మూడింటికి జ్ఞానరత్నం గోధుమపిండి కలిపి, తడిగుడ్డ కప్పి పీట పక్కన పెట్టింది. నాలుగింటికి గుమ్మం ముందు టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఆగింది. రాజ్ కిరణ్ ఇస్త్రీ చొక్కాలో, చేతిలో సొందేశ్ మిఠాయి డబ్బాతో దిగాడు. మందిరంలో గిటారు వాయిస్తాడు, గొంతు తేనె. వాడి మీద ఫిర్యాదు చేస్తే నమ్మేవాళ్లు దొరకడం కష్టం.

"వందనాలు పెద్దమ్మగారూ" అని చెప్పుల్ని కూడా వరసగా విడిచి కూర్చున్నాడు.

ఆలిస్ గోడవారగా ముక్కాలిపీట మీద కూర్చుంది. రాజ్ కిరణ్ ముందు మెల్లగా మాట్లాడాడు. తప్పంతా తనదేనన్నాడు. లోకోషెడ్‌లో డ్యూటీలు ఎక్కువై బుర్ర వేడెక్కిందన్నాడు. ఇంట్లో దీపం పెట్టినట్టు లేదన్నాడు. తర్వాత ఏడ్చాడు. నిజమైన కన్నీళ్లే, చొక్కా మీద పడ్డాయి.

"సూడమ్మా" అన్నాడు ప్రేమ్‌కుమార్. "మగోడు నీ ముందు ఏడుస్తన్నాడు. ఇంకేటి గావాల నీకు?"

ఆలిస్ నేల చూపులు చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. తనే చెప్పింది కదా, నోరు పడిపోద్దని.

"చెల్లెమ్మా, నువ్విలా రా. ఆ రోజులాగే ఇద్దరి సేతులూ నువ్వే కలుపు. ప్రార్థన సేసుకుందాం."

జ్ఞానరత్నం వంటగది గుమ్మంలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆలిస్ తలెత్తి ఆవిడ కేసి ఒక్కసారి చూసింది. ఆవిడ వచ్చి ఆలిస్ పక్కన, నేల మీదే కూర్చుంది. టీ బల్ల మీద తన ఎడమ చెయ్యి చాపి పెట్టింది.

"అన్నయ్యగారూ, నా రొట్టె ఒక పక్క ఎందుకు లావుగా ఉంటాదో మీరెప్పుడైనా అడిగినారా?"

ప్రేమ్‌కుమార్ నవ్వబోయాడు. "ఇప్పుడా మాటెందుకమ్మా?"

"ఇప్పుడే గావాల. అంత పెద్ద రొట్టి పీట మీద తిప్పుతూ ఒత్తాలంటే రెండు సేతులు గావాల. నాకొకటే ఉంది. ఈ మణికట్టు వంగదు, సూడండి." వంచబోయి చూపించింది. చెయ్యి కర్రలా ఉండిపోయింది. "జాకబ్ దీన్ని తలుపు సందులో ఎట్టి తలుపేసినాడు. మీరు మా సేతులు కలిపిన తొమ్మిదో రోజు."

"కుళాయి కాడ పాకుడు మీద జారినావని..."

"నానే సెప్పినాను. అబద్ధం. నిజం సెప్తే మీరు మళ్లా సమాధానానికి వస్తారని బయమేసి సెప్పినాను."

జ్ఞానరత్నం చెయ్యి బల్ల మీంచి తియ్యలేదు.

"అలాంటి మొగుడితో కిక్కురుమనకుండా కాపురం సేస్తన్నానని, పెద్దలంతా మెచ్చుకుని నాకీ రొట్టి పని ఇచ్చినారు. అది నాకు బహుమానం. మీకు తెలీదు, అంచేత మీ తప్పు సగమే. నాకు తెలుసు. తెలిసి తెలిసి, రెండేళ్ల కితం ఈ గుంట సెయ్యి నాను తీసి ఇతగాడి సేతిలో ఎట్టినాను. దాని సెవి పోయింది. ఇంక కలపను అన్నయ్యగారూ. నా ఇంట్లో కలపనివ్వను."

"చెవికి ఇన్ఫెక్షన్ అండీ అది" అన్నాడు రాజ్ కిరణ్. కన్నీళ్లు ఎప్పుడు ఆరిపోయాయో ఆరిపోయాయి. లేచి నిలబడ్డాడు. "ఆలిస్, పద ఇంటికి." ఇది వేరే గొంతు. ప్రేమ్‌కుమార్ చటుక్కున తల తిప్పి అతని కేసి చూశాడు. ఆయన ఈ గొంతు ఎన్నడూ విని ఉండడు.

ఆలిస్ తల తిప్పి కుడి చెవితో ఆ మాట పూర్తిగా వింది.

"హొబే నా, దాదా" అంది.

"ఏటి?" అన్నాడు రాజ్ కిరణ్.

"హొబే నా" అంది మళ్లీ, కౌంటరు వెనక నిలబడి అన్నట్టే, విసుగూ కోపమూ లేకుండా. తెలుగులో మొగుడికి ఎదురు చెప్పి ఎరగని నోరు, బెంగాలీలో ముందు అలవాటు పడింది. ఆ తర్వాత తెలుగు కూడా వచ్చింది. "రాను. విడాకుల కేసు కాగితాలు వస్తాయి, సంతకం పెట్టు."

రాజ్ కిరణ్ ఒక అడుగు ముందుకేశాడు. ప్రేమ్‌కుమార్ లేచి మధ్యలో నిలబడ్డాడు. డెబ్భై రెండేళ్ల మనిషి, నిలబడ్డప్పుడు మోకాళ్లు పటపటమన్నాయి. "పద నాయనా" అన్నాడు మెల్లగా. జ్ఞానరత్నం సొందేశ్ డబ్బా తీసి రాజ్ కిరణ్ చేతికిచ్చింది.

గుమ్మం దిగుతూ ప్రేమ్‌కుమార్ ఆగాడు. "మరైతే రేపు ఆలిస్ రొట్టె తీసుకోవడం..."

"అది మీరు సూసుకోండి. రొట్టి మాత్రం ఏళకి తెస్తాను."

టోటో వెళ్లిపోయింది. ఆలిస్ అక్కడే చతికిలబడి కాసేపు ఏడ్చింది. జ్ఞానరత్నం ఊరుకోమనలేదు. ఏడవనిచ్చి, టీ వెచ్చబెట్టి ఇచ్చి, పీట ముందు కూర్చుంది.

"ఇలా రాయే. సేతులు కడుక్కుని రా. ఈయేళ నువ్వు తిప్పు, నాను ఒత్తుతాను."

ఇద్దరూ పీటకి చెరో పక్కా కూర్చున్నారు. ఆలిస్ రెండు చేతులతో రొట్టెను కొంచెం కొంచెం తిప్పుతుంటే జ్ఞానరత్నం అప్పడాలకర్ర నడిపింది. కొంతసేపయ్యాక కర్ర ఆపింది.

"ఆ రోజు నీ సెయ్యి నానే కలిపినాను. దానికి నన్ను మన్నించమని అడగడానికి మూడు నెల్లుగా నోరు రాలేదు."

"ఎరుగుదును పెద్దమ్మా" అంది ఆలిస్, రొట్టె తిప్పుతూనే. "అందుకే నీ ఇంటికొచ్చినాను. ఒకసారి పంపిన దానివి, మళ్లా పంపడానికి నీకు మనసొప్పదనుకున్నాను."

జ్ఞానరత్నానికి కళ్లనీళ్లు తిరిగాయి. పిండిలో పడకుండా మొహం పక్కకి తిప్పుకుంది.

ఆదివారం మందిరం నిండుగా ఉంది. రాజ్ కిరణ్ రాలేదు, గిటారు మూలన సంచీలోనే ఉంది. ఆలిస్ స్త్రీల వరసలో జ్ఞానరత్నం పక్కన కూర్చుంది. ముందు వరసలోని ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూశారు. శనివారం సంగతి అప్పటికే ట్రాఫిక్ కాలనీ దాకా పాకిపోయింది. రొట్టె ముట్టనిస్తారా లేదా అన్నదే అందరి ఆరాటం.

ప్రేమ్‌కుమార్ బల్ల మీద తెల్లగుడ్డ తీశాడు. రొట్టె రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అలవాటుగా ఎడం పక్క బొటనవేలు నొక్కి పెట్టాడు. అక్కడ లావు లేదు. చుట్టూ తడిమాడు. ఎక్కడా లేదు, రొట్టె అంతా ఒకటే మందం. ఆయన చాలాసేపు దాన్ని అలా పట్టుకునే నిలబడ్డాడు. అది ఎవరి చేతులు పడ్డ రొట్టో ఆయనకి తెలియకుండా ఉండదు.

తర్వాత ఎప్పటి మాటే చెప్పాడు, సమాధానపడి రమ్మని. రొట్టె విరిచి పళ్లెంలో పెట్టాడు. పళ్లెం వరస వెంట వచ్చింది. ఆలిస్ దగ్గరికి రాగానే పళ్లెం పట్టుకున్నాయన ఆగి, సంఘపెద్ద కేసి చూశాడు. ప్రేమ్‌కుమార్ తలూపాడు. ఆలిస్ ఒక తునక తీసుకుంది.

పళ్లెం ఎనభై మందినీ తిరిగి బల్ల దగ్గరికి చేరింది. అందులో ఒక్క తునక మిగిలింది, పెద్ద తీసుకునేది. ప్రేమ్‌కుమార్ దాన్ని చూశాడు. ముట్టుకోకుండా దాని మీద తెల్లగుడ్డ కప్పేశాడు.

ఆరాధన అయ్యాక జ్ఞానరత్నం వరండాలో కుళాయి దగ్గర పళ్లెం కడుగుతుంటే, వెనకాల చెప్పుల చప్పుడైంది.

"నేను తినలేదు చెల్లెమ్మా" అన్నాడు ప్రేమ్‌కుమార్.

"సూసినాను."

"ఆ రోజు మీ సేతులు కలిపి, నేను ఇంటికెళ్లి హాయిగా బోంచేసినాను. నీతో సమాధానపడకుండా ఆ తునక ఎలా తినను?" ఆచారం ప్రకారం రెండు చేతులూ ముందుకు చాపాడు.

జ్ఞానరత్నం ఆ చేతుల్ని చూసింది. "అలాగే" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

"ఇయ్యాల కలపను అన్నయ్యగారూ. కోపంతో కాదు. నా సేతులు ఎప్పుడూ ఎవలో ఒకలు బేగి బేగి కలిపేసినారు. ఈసారి నా మనసు సెప్పినప్పుడు కలుపుతాను."

ఆయన చేతులు దించుకున్నాడు. చిన్నబుచ్చుకోలేదు. "మరి ఎప్పుడు రమ్మంటావు?"

"వచ్చే నెల శనివారం నాలుగ్గంటలకి రండి. టీ ఇస్తాను. అడగండి. అప్పటికి మనసు రాకపోతే, ఆ పై నెల రండి."

"వస్తాను" అన్నాడాయన. "నెలనెలా వస్తాను."

గేటు దగ్గర టోటో ఆపి ఆలిస్ పిలిచింది. జ్ఞానరత్నం పళ్లెం పైటకొంగుతో తుడిచి సంచీలో పెట్టుకుని వెళ్లింది. ఆలిస్ ఎడం పక్కకి జరిగి, కుడి చెవి వైపు ఆవిడకి చోటిచ్చింది.