గంగుబాయి తొడుక్కున్న కాళ్లు

బోధన్‌లో చెరకు లోడు మీద పడి నడుము దెబ్బతిన్నప్పటి నుంచి గంగుబాయి కాళ్లలో బలం లేదు. కొద్దిగా కదిలేవి కానీ ఆమెను నిలబెట్టేవి కావు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేది. 2008లో నిజామాబాద్ నుంచి బాపురావు అనే ఇంజనీరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. నడుము నుంచి పాదాల దాకా తొడుక్కునే మోటారు కాళ్లు తయారుచేశాడట. తొడ కండ ఏమాత్రం బిగించినా పసిగట్టి అవి అడుగు వేస్తాయట.

రోడ్డు పక్కన అతని షెడ్డు. దాని ముందు జాగాలో కూతురు గోదావరి పట్టుకోగా గంగుబాయిని నిలబెట్టి పట్టీలు బిగించారు. మొదటి అడుగు తాను వేసిందో, యంత్రం వేసిందో ఆమెకు తెలియలేదు. ఇంకొంచెం నడిచాక నవ్వు వచ్చింది. గోదావరి చెయ్యి వదిలింది.

అంతలో వెనక నుంచి చెరకు ట్రాక్టరు హారన్ మోగింది.

గంగుబాయి ఒళ్లంతా బిగుసుకుపోయింది. పారిపోవాలని అనుకునేలోపే కాళ్లు పరుగందుకున్నాయి. ఎదురుగా నిండుగా పారుతున్న కాలువ. భయం పెరిగేకొద్దీ తొడలు బిగిశాయి. అవి బిగిసేకొద్దీ యంత్రం వేగం పెంచింది. ఆపే మీట నడుము వెనక ఉంది. చెయ్యి అందలేదు. బాపురావు పరుగెత్తుకొస్తూ ఒళ్లు వదులు చేయమని అరిచాడు. ఎట్లా వదులవుతుంది?

దిక్కుతోచక, రోజూ బీడీల చాట ముందు కూలబడినట్టు నడుము కిందికి వదిలేసింది. ఆ కదలికను పసిగట్టి యంత్రం మోకాళ్లు మడిచి, సరిగ్గా గట్టు అంచున ఆమెను మట్టిలో దింపింది.

గోదావరి తల్లిని వాటేసుకుని ఏడ్చింది. బాపురావు పట్టీలు విప్పాడు. తప్పు తనదేనని, ఇక ఈ పని ఆపేస్తానని అన్నాడు. గంగుబాయి చీరకంటిన మట్టి దులుపుకుంది.

"సారూ, గివి నా భయం మాట ఇన్నయి. నా మాట ఇనలే," అంది. "గా మీట నా చేతిల పెట్టుండ్రి. గప్పుడైతే వస్త."

కొన్నాళ్లకు మీటను ఆమె కుడిచేతికి కట్టి, షెడ్డు లోపల నిలబెట్టారు. బయట లోడు బండ్లు పోతున్న చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె మీట నొక్కి ఆగింది, చెమట తుడుచుకుంది, మళ్లీ కదిలింది. ఎదుటి గోడ చేరేసరికి మధ్యాహ్నమైంది. గోడకు నుదురు ఆనించి నిలబడింది. తొడలు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. గోదావరిని మాత్రం దగ్గరికి రానివ్వలేదు.