ఆడి నెలలో నీలం కేబుల్

"సుగంతీ, మీ గుడియాత్తం రౌటర్ చచ్చిపోయినాది. రేపు నేనే రావల్ల!"

ఫోన్‌లో కేశవ్ బావ ఈ మాట అనగానే బిల్లుల కట్ట ఒళ్ళో పెట్టుకుని కుర్చీలోనే గిర్రున ఒక చుట్టు తిరిగాను. ఆఫీసులో నెట్ లేదు, బిల్లు రాదు, లుంగీల బేళ్ళు ఎక్కించిన లారీ వాకిట్లో నిలబడి ఉంది. నేనేమో నవ్వుతున్నాను.

పెళ్ళైన మొదటి ఏడు ఆడి నెల, అంటే తమిళవాళ్ళ ఆషాఢం, వస్తే మావాళ్ళు అమ్మాయిని పుట్టింటికి తీసుకొచ్చేస్తారు. మొగుడూ పెళ్ళామూ ఒకే కప్పు కింద ఉండకూడదు. మా ఆయన కేశవ్ బావ వేలూరులో మా కంపెనీ హెడ్డాఫీసులో నెట్‌వర్కులు చూస్తాడు. నన్ను ఈ నెలకి మా పుట్టింటి ఊరు గుడియాత్తం బ్రాంచిలో వేశారు. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటాం. కానీ ఫోన్‌లో అతని చొక్కా ఇస్త్రీ వాసన రాదు. సగం తాగిన కాఫీ గ్లాసు నావైపు జరిపే చెయ్యి కనపడదు.

ఇంతలో మేనేజర్ లోగనాథన్ సార్ సొరుగు తెరిచి చదునుగా ఉన్న నీలం వైరొకటి పైకి తీశారు.

"ఇది మాప్పిళ్ళ పెట్టిపోయిన వైరే గదమ్మా?"

మాప్పిళ్ళ అంటే అల్లుడు, మా బావే. అది కన్సోల్ కేబుల్. నెట్ లేకపోయినా దీనితో రౌటర్‌ని నేరుగా పలకరించవచ్చు. కాకపోతే ఎవరో ఒకరు దాని పక్కనే కూర్చోవాలి.

"నువ్వు కంప్యూటర్ చదివినదానివే. ఆయన ఫోన్‌లో చెప్తాడు, నువ్వు చెయ్. పాపం, అంత దూరం రావడం యాల?"

ఆ సొరుగుని మనసులోనే తిట్టుకున్నాను. ఒక కొస లాప్‌టాప్‌కి, రెండో కొస రౌటర్ వెనక కన్సోల్ అని రాసి ఉన్నచోట పెట్టి, ఫోన్ స్పీకర్‌లో వేశాను. తెర నిండా పిచ్చి గుర్తులు.

"ఏం కనబడతా ఉండాది?" అన్నాడు బావ.

"నీకు తెలుగు అక్షరాలు ఎట్ల కనబడతాయో, అట్ల."

బావ పకపకా నవ్వాడు. పుట్టినప్పటినుంచి తెలుగే మాట్లాడతాడు గాని, చదివింది తమిళ బడిలో. ఒక్క తెలుగక్షరం చదవలేడు.

"రాకపోతే వదిలెయ్యమ్మా. ఆయన్నే రమ్మందాం" అన్నారు సార్.

రాలేదు సార్ అంటే చాలు, రేపు బావ ఈ కుర్చీలో ఉంటాడు. కానీ లాప్‌టాప్‌లో కేబుల్ వేగం నేనే తప్పు పెట్టానని, అందుకే ఆ పిచ్చి గుర్తులని నాకు తెలుసు. కిటికీలోంచి చూస్తే లారీ డ్రైవర్ టైరు నీడలో కూర్చుని మా తలుపు వైపే చూస్తున్నాడు.

"వేగం మార్చి చూస్తా సార్."

మార్చి ఎంటర్ కొట్టగానే అక్షరాలు శుభ్రంగా వచ్చాయి. చదివి వినిపించాను. రౌటర్ అప్పుడే డబ్బాలోంచి తీసినట్టు ఖాళీగా ఉంది. ఫోన్‌లో బావ నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"అయ్యో కడవుళే! పాస్‌వర్డ్ మార్చేదానికని పాత సెట్టింగులు చదవొద్దని దానికి చెప్పినా. మళ్ళీ చదవమని చెప్పేది మరిచిపోయినా. నిన్న బ్యాటరీ కూడా దిగిపోయేంతసేపు కరెంటు పోయి వచ్చినాది గదా, అన్నీ వదిలేసి కూచుండాది."

"ఎప్పుడు చేసినావు?"

"పెళ్ళికి ముందు. ఆ దినం పని ముగించి మీ ఇంటికొచ్చి నిన్ను చూడల్లని తొందర."

లోగనాథన్ సార్ పెద్దగా దగ్గారు. నా చెవులు వేడెక్కాయి. బావ చెప్పినవన్నీ టైపు చేశాను. పాత సెట్టింగులు తిరిగొచ్చాయి, నెట్ వచ్చింది, లారీ కదిలింది.

"సెరి సుగంతీ. ఇంగ నేను వచ్చే పని లేదు" అన్నాడు బావ, చిన్న గొంతుతో.

కేబుల్ చుట్టాను. విప్పి మళ్ళీ చుట్టాను. అప్పుడు తట్టింది.

"బావా, ఆ దినం ఇదే పనికి ఇంకా యాడికైనా పోయినావా?"

"ముందు తిరువలం బ్రాంచికి… అయ్యో!"

సార్ వెంటనే తిరువలానికి ఫోన్ కొట్టారు. అక్కడా ఈ పొద్దున బ్యాటరీ దిగిపోయేంతసేపు కరెంటు తీసి ఇచ్చారట. అప్పటినుంచి నెట్ లేదు. బావ దగ్గర ఇంకో కేబుల్ కూడా లేదు.

"తప్పు చేసినవాడే వచ్చి సరి చెయ్యల్ల. కేబుల్ నువ్వు ఎత్తుకుని పో అమ్మా" అన్నారు సార్, నా ముఖం చూడకుండా.

సాయంత్రం ఇంట్లో మా అవ్వ పంకజం వడల పిండి రుబ్బుతూ అన్నీ విన్నది.

"ఒకే కప్పు కిందనా?"

"ఆఫీసు కప్పు అవ్వా."

"అది కాపురం చేసే కప్పు కాదులే. పొద్దు మునిగేలోగా ఇల్లు చేరు. వానికి నాలుగు వడలు ఎత్తుకుని పో, చిక్కిపోయుంటాడు."

కేబుల్‌ని సంచిలో వేసి, పైన వడల డబ్బాకి చోటు వదిలి, బావకి ఫోన్ చేశాను.

"రేపు పొద్దున రైల్లో వస్తా. కాట్పాడి స్టేషన్ బయట బండి పెట్టుకుని నిలబడు. తిరువలం దాకా నీ వెనకాలే కూచుంటా. మెల్లగా తోలు బావా."