నన్నే సాహెబ్ దాచిన సంగతి

తంతి పొద్దున పదిన్నరకి అందింది. గుంటూరులో నర్సు ట్రైనింగు అవుతున్న ఖుర్షిదా ఆ వేళప్పుడు వార్డులో ఒక బాలింతకి గంజి తాగిస్తోంది. కాగితం మీద నాలుగే ముక్కలున్నాయి. నాయన పోయాడు, వెంటనే రా. చదివి, గిన్నెలో మిగిలిన గంజి కూడా తాగించి, బాలింత మూతి తుడిచి, అప్పుడు లేచింది. ఆ తర్వాత ఏ బస్సు ఎక్కిందో, చిలకలూరిపేటలో ఎలా మారిందో ఆమెకి ఎన్నడూ గుర్తు రాలేదు.

అది అరవై రెండో సంవత్సరం మార్చి నెల. దారి పొడుగునా కళ్ళాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ నెల మొదటి ఆదివారం తను వచ్చినప్పుడు నాయన నిక్షేపంగా ఉన్నాడు. చింతచిగురేసి మాంసం వండితే అడిగి మరీ వేయించుకున్నాడు. అలాంటి మనిషి ఇరవై రోజుల్లో ఎలా పోతాడు?

నన్నే సాహెబ్ పర్చూరులో దూదేకేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి పరుపులన్నీ ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. కూతురు పాలు మరవకముందే భార్య పోతే మారుపెళ్ళి అనుకోలేదు. పక్కింటి పిచ్చమ్మ దగ్గర జడ వేయడం నేర్చుకుని కూతురికి రోజూ తానే వేసేవాడు. దూదేకేవాడి పిల్లకి చదువెందుకని అయినవాళ్ళే నవ్వుతుంటే ఎనిమిదో తరగతి దాకా చదివించాడు. పీరు అనే అల్లుడు పొగాకు చేలో పాము కరిచి చనిపోయాక, ఏడాది బిడ్డతో ఖుర్షిదా తిరిగొచ్చింది. ఆ బిడ్డ నసీమున్నీసాని కూడా ఆయనే సాకాడు. అరవైలో నర్సు ట్రైనింగుకి సీటు వచ్చినప్పుడు వెనకాడింది ఖుర్షిదాయే.

"పిల్ల ఎలా నాయనా?"

"నిన్ను పెంచినవాడికి నీ కూతురొక బరువా? రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. పోయి రా."

ఖుర్షిదా ఇల్లు చేరేసరికి మూడు దాటింది. నాయనకి తెల్లగుడ్డ చుట్టి, ఆమె కోసమే ముఖం వదిలిపెట్టారు. పొద్దున్నే రెండు వీశెల దూది ఏకి, గోడకి చేరగిలబడి, మంచినీళ్ళు అడిగాడట. నసీమా చెంబు తెచ్చేలోపే తల వాలిపోయింది.

పిచ్చమ్మ ఆమె భుజం పట్టుకుని ఏడ్చింది. "ఎంత మనిషమ్మా మీ నాయన. రెండు కళ్ళూ పోయినా మనవరాల్ని కంటికి రెప్పలా చూసుకున్నాడే."

ఖుర్షిదా ఏడుపు ఆగిపోయింది. "కళ్ళు పోవడమేంటి పిచ్చమ్మక్కా?"

పిచ్చమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నన్నే సాహెబ్ తమ్ముడి కొడుకు బుడాన్, ఆయనతో పాటే పరుపులు కుట్టేవాడు, తల దించుకున్నాడు.

"ఎవరి కళ్ళు పోయాయి?" అని ఖుర్షిదా మళ్ళీ అడిగింది.

"పెదనాన్నవే అక్కా. నువ్వు వెళ్ళిన రెండో నెలలోనే. నేనే చీరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నీటికాసులన్నాడు, కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బట. పోయిన చూపు ఇక రాదన్నాడు."

"ఏమీ కనిపించేది కాదా?"

"మొదట్లో వెలుతురు తెలిసేది. తర్వాత అదీ లేదు."

ఖుర్షిదా చెయ్యి చాపి తండ్రి కనురెప్ప మీద పెట్టబోయి మధ్యలోనే ఆగిపోయింది. కిందటేడు నెల రోజులు ఆమె కంటి వార్డులోనే పనిచేసింది. నీటికాసుల రోగులకి రోజూ మందు చుక్కలు వేసింది. చూపు లేనివాళ్ళు ఎలా తల వంచి వింటారో, అడుగు ఎలా తడుముతారో ఆమెకి తెలుసు. అన్నీ తెలిసి నెలనెలా ఇంటికొచ్చి, ఈ ముఖం ఎదురుగా కూర్చుని అన్నం తిని వెళ్ళింది.

"ఊళ్ళో ఎంతమందికి తెలుసు?"

జవాబు పిచ్చమ్మ చెప్పింది. "అందరికీ తెలుసమ్మాయ్. గడప గడపకీ వచ్చి మాట తీసుకున్నాడు. తెలిస్తే నువ్వు చదువు మానేసి వచ్చేస్తావు, మళ్ళీ ఆ సీటు రాదన్నాడు. నీ పాసు కాగితం చేతికొచ్చిన రోజు తానే చెబుతానన్నాడు. పరీక్షలు ఇంకో మూడు వారాలే కదా."

నాయనని మగవాళ్ళు ఎత్తుకుపోతుంటే ఖుర్షిదా వాకిట్లో నిలబడిపోయింది. కన్నీరు రాలేదు.

సాయంత్రం నసీమాని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, తిట్లు పడతాయేమోనని బిక్కచచ్చిపోయి ఉంది.

"నిన్నేమీ అనను. తాత రోజంతా ఏం చేసేవాడో చెప్పు."

పిల్ల మెల్లగా చెప్పింది. దూది సరిగ్గా విడిందో లేదో తాత ఏకే విల్లు చప్పుడుని బట్టి చెప్పేవాడట. అన్నం ఉడికిందో లేదో ఎసరు మోతని బట్టి చెప్పేవాడట. జడ మాత్రం తప్పు పోకుండా వేసేవాడట. రాత్రిళ్ళు పలక మీద నసీమా రాసిన అక్షరాన్ని వేలితో తడిమి, వంకర పోయిందంటే చెరిపించేవాడట.

"మరి నేను వచ్చినప్పుడు?"

"బస్సు ఆగగానే నేను గట్టిగా అరవాలి. అమ్మ పచ్చచీర కట్టుకుంది తాతా, అమ్మ చేతిలో సంచీ ఉంది తాతా అని."

పిల్ల సంబరం కొద్దీ అరుస్తోందనుకుంది ఖుర్షిదా ఇన్నాళ్ళూ. పచ్చరంగు నీకు నప్పుతుంది తల్లీ అని నాయన అంటే మురిసిపోయింది. మనవరాలు తాత వేలు పట్టుకుని నడుస్తోందనుకుంది. సూది పని బుడాన్‌కి ఎందుకు వదిలేశావు నాయనా అంటే నడుం నొప్పి అన్నాడు. నమ్మింది.

మూడోనాటి ఫాతెహా ప్రార్థన అయ్యాక, ఇక గుంటూరు వెళ్ళనని బుడాన్‌తో చెప్పేసింది.

"అందరూ కలిసి నన్ను గుడ్డిదాన్ని చేశారు. ఎవరి కోసంరా ఇప్పుడా పరీక్షలు?"

బుడాన్‌కి కోపం వచ్చింది. "ఎవరి కోసమో నాకు తెలియదక్కా. ఆయన రెండేళ్ళు చీకట్లో కూర్చున్నాడు. నువ్వు మూడు వారాలు కూర్చోలేవా?"

మర్నాడు పొద్దున ఖుర్షిదా నసీమాని పిచ్చమ్మకి అప్పగించి బస్సెక్కింది. పరీక్షలు రాసింది, పాసయింది. ఉద్యోగం ఇంకొల్లు వైపు ఇచ్చారు. కూతుర్ని తీసుకుని అక్కడే కాపురం పెట్టింది.

అరవై ఏడులో ఒకసారి పర్చూరు బస్సులో కండక్టరు ఆదెయ్య ఆమెని గుర్తుపట్టాడు. గుంటూరు దారిలో ఆ రెండేళ్ళూ టిక్కెట్లు కొట్టింది ఆయనే. నన్నే సాహెబ్ సంగతి ఎత్తి, కాసేపు తటపటాయించి చెప్పాడు.

"నిన్ను ఎక్కించిన మర్నాడు మళ్ళీ బస్సు దగ్గరికి వచ్చేవాడమ్మా. మా అమ్మాయి ముఖం ఎలా ఉంది ఆదెయ్యా, నవ్వుతూనే వెళ్ళిందా అని అడిగేవాడు."

"మీరేం చెప్పేవారు?"

"నువ్వు పిల్లని వదల్లేక చిలకలూరిపేట దాకా ఏడుస్తూనే ఉండేదానివి. నవ్వుతూ వెళ్ళిందనే చెప్పేవాణ్ణి."

ఖుర్షిదా కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది. ఐదేళ్ళయినా ఆ ఊళ్ళో ఎవరు పలకరించినా ఆమెకి ముందు భయమే వేసేది, తనకి తెలియనిది ఇంకా ఏం మిగిలి ఉందోనని. ఆదెయ్య ఆమె చేతిలో చిల్లర పెట్టి వెనక్కి వెళ్ళిపోయాడు. దిగాల్సిన చోటు దాటిపోయాక గానీ ఆమె లేవలేదు.