అరవై ఒక్క అంగుళాలు

“జాకీ తే హరితా! కారు డిక్కీల ఉన్నది, ఉరుకు!”

రంజిత్ అరుపు షెడ్డు రేకులకు తగిలి మోగింది. హరిత అప్పటికే ఎర్ర బటన్ నొక్కేసింది. మోటార్లు ఆగాయి. కానీ ఆగిన మెషిన్ బరువు తగ్గదు కదా. రెండు నిలువు కాళ్ల మధ్య అడ్డంగా ఉండాల్సిన అల్యూమినియం దూలం ఎడమ కాలి నుంచి ఊడి, మెషిన్ చెక్కుతున్న టేకు తలుపు మీద పడింది. దూలానికీ తలుపుకీ మధ్య కామరాజు చెయ్యి ఇరుక్కుంది.

ఆయన అరవలేదు. జాకీతో పరుగెత్తుకొస్తున్న హరితను చూసి, “మెల్లగ బిడ్డా, వైర్లున్నయ్. పడ్తవ్,” అన్నాడు.

దూలం, దాని మీద కత్తిని తిప్పే స్పిండిల్ కలిపి తొంభై కిలోలు. హరితే లెక్క వేసింది. ఆ లెక్కంతా ఇప్పుడు ఆ ముసలి చేతి మీద ఉంది. రంజిత్ జాకీ తిప్పాడు. దూలం ఒక వేలు మందం లేచింది. హరిత కామరాజు మోచెయ్యి పట్టుకుని లాగింది. తలుపు మీద చెక్కిన తామర రేకుల్లోకి రక్తం దిగింది.

నాచారం నుంచి ఆసుపత్రికి వెళ్తూ ఉప్పల్ సిగ్నల్ దగ్గర పదకొండు నిమిషాలు ఇరుక్కుపోయారు. వెనక సీట్లో కామరాజు చేతికి హరిత చున్నీ చుట్టి ఉంది. ముందు బస్సు కదలదు, పక్క ఆటో జరగదు. రంజిత్ హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. హరిత ఏం చెయ్యగలదు? చున్నీ ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, అంతే.

“కుట్లు వేశాం,” అన్నాడు డాక్టరు గంటన్నర తర్వాత. “చూపుడు వేలు దక్కుతుంది. మధ్య వేలు మాత్రం ఇక వంగకపోవచ్చు. ఎడమ చెయ్యే కాబట్టి ఫర్వాలేదు.”

కామరాజు నవ్వాడు. “సార్, కుడి చేత్తోని సుత్తె ఎవడైనా కొడ్తడు. ఉలి పట్టేది ఎడమ చెయ్యే.”

డాక్టరు మందుల చీటీ రాసిచ్చాడు.

*

ఎనిమిది నెలల కిందట రామంతాపూర్‌లోని తన ఇంట్లో, డైనింగ్ టేబుల్ మీద హరిత మొదటి గీత గీసింది. పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు. కంప్యూటర్ చెప్పినట్టు చెక్కను చెక్కే సీఎన్‌సీ రూటర్. బయట కొనే స్తోమత లేదు కాబట్టి సొంతంగా తయారుచేయాలి. ఆమె ఒక కంపెనీలో మెషిన్ డిజైనర్. రంజిత్ ఆమెతో చదువుకున్నవాడు, నాచారంలో చెక్కపని షెడ్డు నడుపుతున్నాడు. కామరాజు ఆ షెడ్డులో ముప్పై ఏళ్లుగా ఉన్న శిల్పి. రంజిత్‌కి ఉలి పట్టడం నేర్పింది ఆయనే.

ప్లాను సూటిగా ఉంది. మెషిన్ గరుకు పని చేస్తుంది, కామరాజు నగిషీ దిద్దుతాడు. మొదటి పని మేడిపల్లిలో కొత్తగా కట్టిన కాలనీ గుడికి తలుపులు. ఆ గుడి కమిటీ వాళ్లు పని చూడటానికి ఈ సాయంత్రం నాలుగింటికి వస్తున్నారు.

ఇప్పుడు రెండున్నర.

ఇంటికి పొమ్మంటే కామరాజు వినలేదు. షెడ్డులో తన పీట మీద కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకున్నాడు. రంజిత్ ఊడిపోయిన కాలి దగ్గర మోకాళ్ల మీద వంగి చూస్తున్నాడు. నేల మీద ఇనుప ప్లేట్లు పడి ఉన్నాయి. నాలుగు.

“ఏంది హరితా ఇవి? దూలానికి కాలికి నడుమ గీ బిళ్లలెందుకు పెట్టినం?”

హరిత ఒక ప్లేటు చేతిలోకి తీసుకుంది. “ఫ్రేము అంగుళం ఎక్కువ వచ్చింది రంజిత్. దూలం అరవైకి కోయించాం, కాళ్ల మధ్య ఎడం అరవై ఒకటి ఉంది. వెల్డింగులో తేడా అనుకున్నా. ప్లేట్లు పేర్చి పొడుగు బోల్టులు వెయ్యమన్నది నేనే. అదురుకి బోల్టులు వదులైపోయాయి.”

“అంగుళమా? వెల్డింగుల రెండు మిల్లీలు పోతయ్. అంగుళం ఎట్ల పోతది?”

ఆ ప్రశ్న ఆమె రెండు నెలల కిందటే వేసుకోవాల్సింది. కంపెనీలో రోజుకు పది గంటల పని, శనివారం ఒక్కరోజే షెడ్డు. ఒక శనివారం తొందరలో అడగలేదు. ఫోన్ తీసి, ఫ్రేము చేసిన రాఘవేంద్రకు కలిపి స్పీకర్ పెట్టింది.

“మేడం, నా తప్పేం లేదు,” అన్నాడు రాఘవేంద్ర మల్లాపూర్ నుంచి. వెనకాల గ్రైండర్ గోల. “కాగితంల ఎంతుంటే అంతే జేసిన. ఫొటో పంపుతున్న, మీరే సూడున్రి.”

ఫొటో వచ్చింది. హరిత గీసిన డ్రాయింగే. 120 మీద పెన్సిల్ గీత, పైన 121. 60 మీద గీత, పైన 61.

రంజిత్ ఆమె భుజం మీద నుంచి చూశాడు. “ఎవడో కావాలనే మార్చిండు.”

హరిత ఫొటో పెద్దది చేసింది. ఆ అంకెల మీద నుంచి ఆమె చూపు కదల్లేదు. ఒకటి పక్కకు కొంచెం వాలి ఉంది. ఆరు కడుపు గుండ్రంగా, తోక నిటారుగా ఉంది. స్కేలు పెట్టినట్టు అన్నీ ఒకే ఎత్తు. ఆమెకు అంకెలు నేర్పిన చెయ్యి అది.

అప్పుడే షెడ్డు ముందు ఆటో ఆగింది. గోపాలరావు దిగాడు. హరిత తండ్రి. ప్రభుత్వ ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. చేతిలో టిఫిన్ క్యారియర్.

“ఏమైందమ్మా? ఫోన్లో సరిగ్గా వినపడలేదు. కామరాజు గారికి ఎలా ఉంది?” అంటూ లోపలికి వచ్చి, కట్టు చూసి ఆగిపోయాడు. “అయ్యయ్యో.”

“అంకుల్, మీరూ సూడండి,” రంజిత్ ఫోన్ ఆయన ముందు పెట్టాడు. “మన కాగితం మీద ఎవడో కొలతలు దిద్దిండు.”

గోపాలరావు కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ ఫొటోకి అక్కర్లేనంత సేపు చూశాడు.

“ఆ కాగితం వెల్డింగ్ షాపులో ఇచ్చింది నేనే బాబూ,” అన్నాడు చివరికి. “అమ్మాయికి ఆఫీసుండి నాకిచ్చింది. దార్లో ఇక్కడ ఆగాను. రెండు రోజులు ఈ టేబుల్ మీదే ఉండిపోయింది. ఎవరైనా చూసుండొచ్చు.”

హరిత తండ్రి వైపు చూసింది. ఆయన క్యారియర్ గిన్నెలు విప్పుతున్నాడు.

రంజిత్ మెల్లగా కామరాజు వైపు తిరిగాడు.

“మామా. నూట ఇరవై ఒకటి, అరవై ఒకటి. ఏందీ లెక్క?”

కామరాజు దాచలేదు. “ఆయం లెక్క. వాస్తుల ఇండ్లకు, దర్వాజలకు సూస్తం. పొడుగు, వెడల్పు గుణించాలె. తొమ్మిదితోని గుణించి ఎనిమిదితోని భాగించాలె. నూట ఇరవై, అరవై అయితే ఏం మిగలదు. మంచిది కాదంటరు. చెరొక అంగుళం పెంచితే అయిదు మిగుల్తది. వృషభాయం. మంచిది.”

“ఈ షెడ్డుల ఆయం తెలిసినోళ్లు ఎంతమంది మామా?”

“నేనొక్కన్నే.”

“అంటే?”

“అంటే ఏందిరా? నువ్వే చెప్పు. నీకు లెక్కలు బాగొస్తయ్ గద.”

రంజిత్ మొహం ఎర్రబడింది. “మెషిన్ వస్తున్నదంటేనే నీకు నిద్ర పట్టలేదు. ‘తామరలు గీ డబ్బా చెక్కుతదా’ అని నవ్వినవ్. రేపు నా పని పోతదని భయపడ్డవ్!”

“నవ్విన. ఇప్పుడు గూడ నవ్వుత. నీ డబ్బా చెక్కిన తామర సూడు, క్యాబేజీ లెక్క ఉన్నది. గంత మాత్రానికి నా చెయ్యి నేనే ఇరికించుకుంటనారా?”

“చెయ్యి పోతదని నీకేం తెలుసు? మెషిన్ నడవకుంటే చాలనుకున్నవ్.” రంజిత్ ఒక ప్లేటును కాలితో తన్నాడు. “నాలుగింటికి కమిటీ వాళ్లొస్తున్నరు. తలుపు మీద రక్తం ఏందంటే ఏం చెప్పాలె? ఉన్నదే చెప్త. మా కామరాజు మామనే కొలతలు మార్చిండని చెప్త.”

 ఆ మాటకు అర్థం నలుగురికీ తెలుసు. గుడి పని కావాలని చెడగొట్టాడన్న మాట ఒక్కసారి బయటికి పోతే, మేడిపల్లి నుంచి కీసర దాకా ఏ గుడీ కామరాజును గడప తొక్కనివ్వదు. సగం చెయ్యి ఇవాళ పోయింది. పేరు కూడా పోతే ఆ మనిషికి ఇంకేం మిగలదు.

హరిత తండ్రి చెయ్యి పట్టుకుని షెడ్డు వెనక్కి, టేకు దుంగల పక్కకి తీసుకెళ్లింది.

“నాన్నా.”

“నాకేం తెలుసమ్మా?”

“ఆ ఆరు మీది. నాకు ఒకటో తరగతిలో నేర్పిన ఆరు.”

గోపాలరావు దుంగల వైపు చూశాడు. నుదుటి మీద చెమట కాలరులోకి దిగుతోంది.

“నీ మొదటి మెషిను,” అన్నాడు. “నీ పాత కంపెనీ మూసేశారు, రెండో ఉద్యోగం నిలబడలేదు. ఇదైనా నిలబడాలనుకున్నాను. ఆయం చూద్దామంటే నువ్వు నవ్వుతావు. అంగుళమే కదా, దూలం కూడా దానికి తగ్గట్టు కోస్తారనుకున్నాను.”

“దూలం అంతకుముందే కోసేశారు.”

“అది నాకు తెలీదు.”

“డ్రాయింగ్ దిద్దితే పక్కన సంతకం పెట్టాలని మీరే చెప్పారు. గీసినవాళ్లకి చెప్పాలని కూడా.”

ఆయన తల దించుకున్నాడు. “ముప్పై నాలుగేళ్లలో ఒక్క డ్రాయింగూ వెనక్కి రాలేదమ్మా. ఆ కుర్రాడి ముందు, కమిటీ వాళ్ల ముందు... నేను చెప్పలేను. నువ్వు కూడా చెప్పకు.”

“కామరాజు గారి సంగతి?”

“ఆయనకి తెలుసు,” అన్నాడు గోపాలరావు. “ఆయం ఎలా చూడాలో అడిగింది ఆయన్నే. ‘మెషిన్ల ఎవరు కాపురముంటరు సారూ, ఆయం దేనికి’ అన్నాడు. ఊరికే తెలుసుకుందామని అడిగానన్నాను. ఇందాక ఆయన నా పేరు చెప్పలేదు. చూశావుగా.”

హరిత షెడ్డు లోపలికి తొంగి చూసింది. తెలిసీ చెప్పలేదు. కుట్లు పడ్డ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, పెద్దమనిషి పరువు కాపాడుతూ కూర్చున్నాడు.

బయట స్కూటర్ల చప్పుడు వినిపించింది. నాలుగు కాకముందే వచ్చేశారు. తండ్రీ కూతుళ్లు లోపలికి నడిచారు.

కమిటీ అధ్యక్షుడు సీతారామయ్య రిటైర్డ్ లెక్కల మాస్టారు. వెనక ఇద్దరు. ఆయన తలుపు దగ్గరికి వెళ్లి, తామర మీద ఎండిన రక్తం చూశాడు. కూలిన దూలం చూశాడు. కామరాజు చెయ్యి చూశాడు.

“ఏం జరిగింది?”

రంజిత్ నోరు తెరిచాడు.  తనకు విద్య నేర్పిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఒకసారి పైకి, ఒకసారి కిందకి చూశాడు. “కొలతలు... మా దాంట్లనే ఒకరు కొలతలు మార్చిన్రు సార్.”

“ఎవరు?”

హరిత తండ్రి వైపు చూసింది. ఇప్పుడైనా చెప్పండి అన్నట్టు చూసింది.  గోపాలరావు క్యారియర్ మూత బిగిస్తున్నాడు. అది ఎప్పుడో బిగిసింది. ఆయన ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

“ఎవరయ్యా?” సీతారామయ్య గొంతు పెరిగింది. “దేవుడి తలుపుకి రక్తం అంటింది. పేరు చెప్పాలి.”

కామరాజు పీట మీద నుంచి లేచాడు. లేవడానికి ఎడమ చెయ్యి ఆనించబోయి, గుర్తొచ్చి, తూలి, కుడి చేత్తో గోడ పట్టుకున్నాడు.

“నేనే అనుకోండ్రి సారూ,” అన్నాడు. “ముసలోన్ని. చాదస్తం. శిక్ష గూడ నాకే పడ్డది గద, ఇగ వదిలేయున్రి.”

వెనకున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన ఫోన్ తీశాడు. ఈ మాట మేడిపల్లి చేరడానికి ఎంతసేపు పడుతుందో హరితకు తెలుసు.

“ఆయన కాదు,” అంది.

అందరూ తిరిగారు. గోపాలరావు చేతులు మూత మీద ఆగిపోయాయి. “అమ్మా,” అన్నాడు, ఆమె ఒక్కదానికే వినపడేలా. ఆ పిలుపు ఆమె కాళ్లను పట్టుకుంది. వదిలించుకోవడానికి ఆమెకు దారి లేదు. ఏ వైపు వెళ్లినా ఒక ముసలి మనిషిని తొక్కాల్సిందే.

“బిడ్డా, ఊకో,” అన్నాడు కామరాజు.

“మరెవరమ్మా?” అన్నాడు సీతారామయ్య.

హరిత కళ్లు మూసుకోలేదు. తండ్రి మొహం చూస్తూనే చెప్పింది.

“గోపాలరావు గారు. మా నాన్న.”