పిడికిట్లో ఫ్యూజు

ఆ లారీల మరమ్మతు షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. లారీ ఫ్యాను రెక్కల మధ్య చెయ్యి పెట్టేవాడు ముందుగా దాని ఫ్యూజు పీకి పక్క మనిషికి ఇవ్వాలి. ఆ మనిషి దాన్ని పిడికిట్లో పెట్టుకుని, లోపలి మనిషి "తీశాను" అని నోటితో చెప్పేదాకా వేళ్ళు విప్పకూడదు. షెడ్డులో భర్తకు చేదోడుగా ఉండే ఆమెకు బావగారు, అంటే భర్త అన్న, పెట్టిన కట్టుబాటిది. పెట్టేనాటికే ఆయన కుడిచేతికి రెండు వేళ్ళు మిగిలాయి. ఇంజను ఆపేశాంగా, ఇంకేం చేస్తుందిలే అనుకున్నాడాయన. ఎలక్ట్రిక్ ఫ్యానుకు ఇంజనుతో పనేముంది? రేడియేటరులో నీళ్ళు మరిగితే చాలు, ఆగిన బండిలో కూడా తనంతట తానే లేస్తుంది. ఆయన చేతి కట్లు ఉతికింది ఆమే. అందుకే ఫ్యాను పని వస్తే ఈనాటికీ ఫ్యూజు పట్టుకునేది ఆమే.

ఆ మధ్యాహ్నం పొగలు కక్కుతూ ఒక లారీ వచ్చింది. దాని డ్రైవరును షెడ్డులో రేడియో అంటారు. నోరు మూతపడదు, చెప్పింది ఎవరూ వినరు.

"ఫ్యాను ఒకసారి తిరుగుతుందన్నా, ఒకసారి అలుగుతుంది. అచ్చం మా ఆవిడే!"

భర్త క్యాబిన్ ముందుకు వంచాడు. ఫ్యూజు చూశాడు, బాగానే ఉంది. మోటారుకు విడిగా రెండు తీగలతో కరెంటు ఇచ్చి చూశాడు. గిర్రున తిరిగింది.

"మోటారు గుండ్రాయిలా ఉంది. లోపలెక్కడో అతుకు ఊగుతోంది," అన్నాడు.

ఫ్యూజు పీకి ఆమె కుడిచేతిలో పెట్టాడు. "ఐదు వేళ్ళతో వెళ్తున్నా. తిరిగొచ్చాక లెక్క చూసుకో."

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరు కట్టేసి పని చూడండి."

అతను నవ్వుతూ రెక్కల సందులోంచి మోచెయ్యి దాటేదాకా చెయ్యి దూర్చాడు. చెంప రేకుకు ఆనించి, కళ్ళు మూసుకుని, వేళ్ళతోనే వెతుకుతున్నాడు. పక్క షెడ్డులో రేకులు సాగగొడుతున్నారు. చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇంజను ఆపినా రేడియేటరు సెగ ఆమె మొహానికి కొడుతూనే ఉంది. ఆమె పిడికిలి ఇంకాస్త బిగించింది.

రేడియో ఆమె చెవి దగ్గరికొచ్చాడు. "ఈ ఫ్యాను పెట్టిన బాధ అంతా ఇంతా కాదక్కా. పోయినవారం కొండెక్కుతుంటే ఫ్యూజు కాలిపోయింది. దారిలో ఒకాయన పుణ్యం కట్టుకున్నాడు. ఫ్యూజుల గొడవ నీకెందుకన్నా అని, బ్యాటరీ నుంచి నేరుగా ఇంకో తీగ లాగిచ్చాడు. తర్వాత నేను కొత్త ఫ్యూజు వేశాననుకో, అయినా ఆ తీగ అలాగే ఉంచేశా."



ఆమె వంగి చూసింది. నల్లటేపు చుట్టిన ఎర్ర తీగ ఒకటి, బ్యాటరీ పెట్టెలోంచి బయలుదేరి చట్రం వెంట పాకి, సరిగ్గా భర్త చెయ్యి ఉన్నచోటికి వెళ్తోంది. అంటే తన పిడికిట్లో ఉన్నది ఉత్త ప్లాస్టిక్ ముక్క. అతను వెతుకుతున్న అతుకులోనే ఆ తీగ కూడా కలుస్తుంది. అది దొరికి, వేలితో నొక్కిన మరుక్షణం కరెంటు అందుతుంది. తన చేతిని నరికేదాన్ని తానే తడుముకుంటున్నాడు.

"ఏమండీ!"

సుత్తి దెబ్బల్లో ఆ కేక కలిసిపోయింది. భుజం పట్టి లాగుదామనుకుంది. ఉలిక్కిపడితే? ఆ ఉలికిపాటుకే వేలు అతుకు మీద పడితే?

బ్యాటరీ నాలుగడుగుల్లో ఉంది. ఆ నాలుగడుగులూ ఎలా వేసిందో ఆమెకు తెలియదు. ఎడమచేత్తో పెట్టె మూత ఎత్తింది. తీగ బిగించే బోల్టు విప్పాలంటే పానా కావాలి. పానా అతని జేబులో ఉంది. కానీ అక్కడ బోల్టే లేదు! రేడియో దానికి బదులు రేకుముక్క చెక్కుకుని తిరుగుతున్నాడు. ఆమె పట్టి పీకింది. తీగ ఊడి చేతిలోకొచ్చింది.

"దొరికింది!" అని అరిచాడు భర్త.

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. సుత్తి మోత తప్ప ఇంకే చప్పుడూ లేదు.

కళ్ళు తెరిచేసరికి అతను చెయ్యి దులుపుకుంటూ నిలబడి ఉన్నాడు. "నొక్కా, టక్కున కూర్చుంది. ఏమిటే ఆ చెమటలు? చెయ్యి పెట్టింది నేనా, నువ్వా?"

ఆమె దూరం జరగమని తల ఊపి, ఎడమచేతిలోని తీగను మళ్ళీ బ్యాటరీకి ఆనించింది.

బండి తాళం తిప్పలేదు, ఫ్యూజు లేదు. ఫ్యాను ఒక్కసారిగా హోరుమంది. రెక్కలు కనబడకుండా పోయాయి. కింద పడున్న గుడ్డపీలిక ఎగిరి వాటి మధ్య చిక్కి, పేలికలై చెదిరిపోయింది.

రేడియో నోరు మొదటిసారి మూతపడింది.

భర్త మొహం పాలిపోయింది. వచ్చి ఆమె చేతిలో తీగను తప్పించాడు. హోరు ఆగింది. ఆమె కుడి పిడికిలి విప్పబోయాడు. అది విడలేదు.

"ఇంకా పట్టుకునే ఉన్నావేమే?"

"మీరు చెప్పలేదుగా," అంది.

అతను తన కుడిచేతిని ఆమె కళ్ళ ముందుకు తెచ్చి, ఐదు వేళ్ళూ చాపాడు.

"తీశాను," అన్నాడు.