కమ్మీకి కట్టిన పగ్గాలు

జమ్రుద్‌బీ గుర్రానికి పట్టీలు బిగించి, కడుపు కింద వేలు దూర్చి చూసింది. ఆమె మొగుడు పీరా సాబ్ పగ్గాలను జట్కా ముందున్న ఇనుప కమ్మీకి రెండు చుట్లు చుట్టాడు. కొసను పళ్లతో కరచుకుని, ఎడమచేత్తో లాగి ముడి వేశాడు. కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు, పరాయివాళ్ల వస్తువును అప్పగించడానికి తీసుకుపోతున్నట్టు.

"చల్ బేటా" అన్నాడు. గుర్రం కదిలింది.

ఆరేళ్ల కిందట, డెబ్బై మూడులో, ఎమ్మిగనూరు రోడ్డు మీద ఒక ప్రైవేటు బస్సు జట్కాను పక్కనుంచి కొట్టింది. గుర్రానికి గీత కూడా పడలేదు. పీరా సాబ్ కుడి మోచెయ్యి విరిగింది. ఎముక అతుక్కుంది గాని, వేళ్లు మడవడం మానేశాయి. ఆదోని వకీలు సేతుమాధవరావు కేసు పట్టాడు.

"ఫీజు గీజు గెలిచినాక చూస్తాంలే పీరా. అంతవరకు నన్ను రోజూ కోర్టుకు దింపు" అన్నాడు.

చెయ్యి పని చెయ్యదని దావా వేస్తున్న మనిషిని జట్కా తోలమనడంలో చిక్కేమిటో ఆయనకు తట్టలేదు. ఆ రోజు ఎండ అలాంటిది.

గుర్రం నెల తిరక్కుండా దారి నేర్చింది. ఇల్లు, వకీలు గుమ్మం, పత్తి మార్కెట్టు, కోర్టు. సాయంత్రం అదే దారిన వెనక్కి. మరో దారికి అది ఒప్పుకోలేదు. రైలుకని ఎక్కినవాళ్లు కూడా కోర్టు ముందరే దిగేవాళ్లు. ముగ్గురు రైలు తప్పి తిట్టిపోశాక పీరా సాబ్ బేరాలు మానుకున్నాడు. జమ్రుద్‌బీ జిన్నింగు మిల్లులో పత్తి ఏరి తెచ్చే కూలితోనే ఇంట్లోకి జొన్నలు, గుర్రానికి గడ్డి.

అలా పగ్గాలు కట్టి బయల్దేరిన ఈ రోజే పీరా సాబ్ బోనెక్కాడు. బస్సు యజమాని తరపు వకీలు పాండురంగ ఎంతో ప్రేమగా అడిగాడు.

"ఈ పొద్దు మీ వకీలును కోర్టుకు ఎవరు తెచ్చినారప్పా?"

"నా జట్కానే సామీ."

"నిన్న?"

"నా జట్కానే."

"మరి చెయ్యి పడిపోయిందంటివే! పగ్గాలు మీ తాత పట్టినాడా?"

"పట్టేదెవరు సామీ? కమ్మీకి కట్టేస్తాను. అదే పోతాది. నేనూ మా వకీలు సారు మాదిరే ఊరికే కూసోనుంటాను."

కోర్టంతా నవ్వింది. జడ్జి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "అయితే గుర్రాన్నే సాక్షిగా పిలిపించండి" అన్నాడు పాండురంగ. సేతుమాధవరావు ఫైలులో లేని కాగితం కోసం వెతికాడు. కేసు సోమవారానికి వాయిదా పడింది.

సాయంత్రం కోర్టు బయట పీరా సాబ్ ముఖం వాడిపోయి ఉంది. రొమ్ము రుద్దుకుంటూ, "నేను అబద్ధం చెప్పినానని రాసుకున్నారా సామీ?" అని అడిగాడు.

"రాసుకుంటే రాసుకోనీ. ఆ పాండురంగ ఒక్కడు నమ్మితే చాలు, కేసు రాజీకొస్తాది" అన్నాడు సేతుమాధవరావు.

అంతలో పాండురంగే వచ్చాడు. ఆయన స్కూటరు మొండికేసింది. ఆయన ఇల్లు సేతుమాధవరావు పక్కవీధే. "సేతూ, కొంచెం జరుగు" అంటూ వెనక ఎక్కాడు. పీరా సాబ్ ఎడమచేత్తో, పళ్లతో పగ్గాలు కట్టుకోవడం ఎవరూ చూడలేదు. వకీళ్లిద్దరూ అప్పటికే బొరుగుల ఉగ్గాని ఏ హోటల్లో బాగుంటుందో వాదించుకుంటున్నారు.

పత్తి మార్కెట్టు దగ్గర సేతుమాధవరావు అరిచాడు. "నువ్వు చెప్పు పీరా!"

"బజ్జీ లేని ఉగ్గాని యాడుంటే ఏముంది సామీ" అన్నాడు పీరా సాబ్, వెనక్కి తిరక్కుండానే.

ఇద్దరూ ఆ తీర్పుకు నవ్వుకున్నారు. ముందు పత్తి బండ్లు అడ్డం వస్తే గుర్రం ఆగింది. అవి పోయేదాకా నిలబడి, మూడు మలుపులు తిరిగి, వకీలు గుమ్మం ముందు నిలిచింది.

"రేపు కొంచెం ముందుగా రా పీరా" అన్నాడు సేతుమాధవరావు దిగి.

పీరా సాబ్ తల పక్క గుంజకు ఆనుకుని ఉంది. ఒళ్లో కుడిచెయ్యి, దాని మీద ఎడమచెయ్యి. సేతుమాధవరావు భుజం పట్టి కుదిపాడు. పిలిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

గుర్రం బెదరకుండా పట్టుకుందామని పాండురంగ పగ్గాలు అందుకున్నాడు. అవి రాలేదు.

"మార్కెట్టు దగ్గర మాట్లాడినాడు కదరా" అన్నాడు సేతుమాధవరావు.

పాండురంగ మూడు మలుపుల దారి వైపు చూశాడు. మళ్లీ ముడి వైపు చూశాడు.

"పీరా పెండ్లాం పేరిట రాజీ కాగితం రాయి. బస్సు ఓనరుకు నేను చెప్తాను" అన్నాడు.

కమ్మీ మీద ముడి అలాగే ఉంది. దాని కొసన, ఆరేళ్ల పళ్ల గాట్లతో నలిగిన తోలు ఇంకా తడిగానే ఉంది.